పదిహేడో కవరు

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి గురునాథరావు ఇంటెన్సివ్ కేర్ యూనిట్ ముందు చెప్పులు విడిచాడు. చొక్కా జేబులో ఇన్లండు ఉత్తరం ఉంది. నాలుగు రోజుల కిందట మంగాయమ్మ పేరున వచ్చింది. సంతకం లేదు, ఊరు లేదు. లోపల ఒకే ఒక్క వాక్యం.

"అమ్మా, పదిహేడో కవరు మీ ఆయనది కాదు."

మంగాయమ్మ భర్త చలమయ్య రేవులో ఓడ సరుకు ఎత్తే వించి డ్రైవరు. తూర్పు గోదావరి నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళుగా గురునాథరావు పక్క వాటాలో ఉంటున్నాడు. నవంబరు మొదటి వారంలో ఇనప తాడు తెగి పిక్క చీరుకుపోయింది. పుండు చీము పట్టింది, ఆ విషం రక్తానికెక్కింది. ఆరో తారీకున స్పృహ లేని స్థితిలో ఈ ట్రస్టు ఆసుపత్రిలో చేర్చారు. పన్నెండున శవాన్ని ఇంటికి తెచ్చారు. ఇక్కడికి తీసుకుపొమ్మని చెప్పింది గురునాథరావే. పోలీసు ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివుగా బతుకుతున్న ఐదేళ్ళలో ఇంత బరువుగా ఏ కేసూ ఎత్తుకోలేదు. మంగాయమ్మ ఎదురుపడితే తల దించుకుని వెళ్ళిపోతున్నాడు.

తలుపు తోసుకుని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్రీరామ్మూర్తి బయటికొచ్చాడు. ఇద్దరూ ఒకే ఏడు ట్రైనింగు అయినవాళ్ళు.

"ఏటి బావా, నువ్వు కూడా వచ్చీసేవా? దొంగ దొరికీసింది. ఇంకేటి ఎతుకుతావ్?"

"దొంగ ఎవరు?"

"ఆయా జోగమ్మ. డాక్టరు పరిశోధన మందు సీసాలు ఎనిమిది దానింట్లో దొరికేయి. అసలు మందు కాజేసి, సీసాల్లో నీళ్ళు పోసి పెట్టీసింది. నీ సలమయ్యకి పడింది నీళ్ళే. పన్నెండుకి కోర్టులో పెడతన్నాను."

"జోగమ్మ ఏమంటోంది?"

"ఏటంటాది? ఖాళీ సీసాలు, నూనె పోసుకోడానికి తీసుకెళ్ళానంటాది. అందరూ అదే అంటారు."

"ఉత్తరం రాసింది కూడా జోగమ్మేనా? దానికి అక్షరాలు రావు కదా."

శ్రీరామ్మూర్తి టోపీ సర్దుకున్నాడు. "అది ఎవడో ఆకతాయి పని. పదకొండుంపావుకి మళ్ళీ వస్తాను, మంగాయమ్మ సేత ఫిర్యాదు మీద సంతకం పెట్టించాలి. అంతవరకూ నీ ఇష్టం. కాని బావా, నా కేసు పాడు సేస్తే ఊరుకోను."

గురునాథరావు గడియారం చూసుకున్నాడు. రెండు గంటలుంది.

యూనిట్ పెద్ద డాక్టర్ భీమశంకరరావు తన గదిలో నిలబడే మాట్లాడాడు. యాభై దాటిన మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు.

"కవర్ల సంగతి చెప్పండి డాక్టరుగారూ. మొదటి నుంచీ."

"రక్తానికి విషం ఎక్కి బి.పి. పడిపోయినవాళ్ళలో సగంమంది పోతారండీ, ఎంత చేసినా. వాళ్ళకి స్టెరాయిడ్ ఇంజెక్షను భారీ డోసులో ఇస్తే బతుకుతారని కొందరంటారు. ఇస్తే ఇంకా ముందే పోతారని కొందరు. పై దేశాల్లో కూడా తేలలేదు. అందుకే ఈ పరిశోధన పెట్టాను. మామూలు వైద్యం అందరికీ ఒకటే. ఆ పైన ఇంజెక్షను కొందరికి ఇస్తాం, కొందరికి ఇవ్వం."

"ఎవరికి ఇవ్వాలో మీరు నిర్ణయిస్తారా?"

"నేను నిర్ణయించకూడదు. ఎవరూ నిర్ణయించకూడదు. అదే అసలు సంగతి. యూనివర్సిటీలో లెక్కల లెక్చరరు ఒకాయన నలభై కవర్లు తయారుచేసి, నంబర్లు వేసి, అతికించి ఇచ్చాడు. లోపల కార్డు. కార్డు మీద ఎర్ర ముద్ర ఉంటే ఇంజెక్షను, లేకపోతే లేదు. రోగి బి.పి. తొంభై కన్నా పడిపోతే వెంటనే వరసలో ఉన్న కవరు తెరవాలి. ముందొచ్చినవాడికి ముందు కవరు."

"అంటే మనిషి ప్రాణం మీద చీటీ తీస్తున్నారు."

"ఏది మంచిదో నాకు తెలిస్తే చీటీ ఎందుకండీ?" డాక్టరు గొంతు పెంచలేదు. "తెలిసినట్టు నటించి ఇరవై ఏళ్ళు వైద్యం చేశాను. ఎంతమందికి మేలు చేశానో, ఎంతమందిని చంపానో ఇప్పటికీ తెలీదు. ఇకనైనా తెలుసుకుందామని."

గురునాథరావు చలమయ్య కేసు షీటు అడిగి తీసుకున్నాడు. పదిహేడో కవరు దానికే గుచ్చి ఉంది. చింపిన కవరులోని కార్డు మీద ఎర్ర ముద్ర. పక్కన టైము, పదకొండూ ఐదు.

"ఈ రక్తంలో చక్కెర అంకెలేంటి? చేరినప్పుడు నూట ఎనిమిది. సాయంత్రానికి మూడువందల డెబ్భై రెండు. చలమయ్యకి షుగరు జబ్బు లేదే."

"ఆ ఇంజెక్షను అంత డోసులో పడితే చక్కెర అలాగే ఎగురుతుంది. పడినవాళ్ళందరికీ ఎగిరింది. పడనివాళ్ళలో ఒక్కరికి కూడా రెండువందలు దాటలేదు."

"నీళ్ళు పడితే?"

"ఎగరదు. ఇన్‌స్పెక్టరుగారికి చెబుదామనుకున్నాను. ఆయన కూర్చోలేదు."

జోగమ్మ నిర్దోషి అని తేలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కాని జేబులో ఉత్తరం అలాగే ఉంది. చలమయ్యకు పడింది అసలు మందే. మరి ఆ కవరు అతనిది కాదంటే, ఎవరిది?

"పద్దెనిమిదో కవరు ఎవరిది?"

"దొరబాబు. అచ్యుతాపురం వైపు మనిషి. పేగు పగిలి వచ్చాడు. కార్డు ఖాళీ, ఇంజెక్షను లేదు. బతికాడు. మొన్ననే నడిచి వెళ్ళాడు."

"అతని షీటు కూడా ఇవ్వండి. క్యాజువాలిటీ రిజిస్టరు తెప్పించండి. కవర్లు ఎక్కడుంటాయో చూపించండి."

యూనిట్‌లో ఆరు మంచాలు. నాలుగింటిలో మనుషులున్నారు. శ్వాస యంత్రం ఒకటి ఆగకుండా కొట్టుకుంటోంది. మధ్యలో సిస్టర్ బల్ల. దాని వెనక గోడకు ఎక్స్‌రేలు చూసే దీపప్పెట్టె, కింద సొరుగులో రేకు డబ్బా. హెడ్ సిస్టర్ గౌరీశ్వరి తాళం తీసి డబ్బా బల్ల మీద పెట్టింది. నలభై ఏళ్ళ మనిషి, మడత నలగని తెల్ల చీర. గురునాథరావును చూసి చేతులు జోడించింది. ఎస్సైగా ఉన్న రోజుల్లో, చేయని దొంగతనానికి పట్టుబడిన ఆమె తమ్ముణ్ణి విడిపించాడాయన. ఆ పలకరింపులో ఎప్పటి చనువు ఇవాళ లేదు.

"తాళం ఎవరి దగ్గర ఉంటుందమ్మా?"

"నా దగ్గరేనండి. నాను డ్యూటీ దిగితే డాక్టరుగారి దగ్గర."

డబ్బాలో ఇంకా ఇరవై కవర్లున్నాయి. గోధుమరంగు కాగితం, పైన ఉన్నది ఇరవై ఒకటి. అతికింపు చెక్కు చెదరలేదు. ఆవిరి పట్టిన గుర్తు లేదు, బ్లేడు పెట్టిన గీత లేదు. గురునాథరావు కవరు వెనకా ముందూ తిప్పాడు. కిటికీ వైపు ఎత్తి చూశాడు. ఏమీ కనపడలేదు.

అప్పుడు దీపప్పెట్టె స్విచ్చి నొక్కాడు. తెల్లటి వెలుగు పరుచుకుంది. కవరును దానికి ఆనించి అరచేత్తో అదిమాడు.

కవరు మధ్యలో గుండ్రంగా ఒక నల్లటి మచ్చ తేలింది.

ఇరవై రెండో కవరు పెట్టాడు. మచ్చ లేదు. ఇరవై మూడులో ఉంది.

భీమశంకరరావు దగ్గరికొచ్చి చూశాడు. కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "కిటికీ దగ్గర నేనూ చూశాను," అన్నాడు మెల్లగా. "ఈ పెట్టె సంగతి నాకు తోచలేదు. రోజూ ఇక్కడే నిలబడి ఎక్స్‌రేలు చూస్తాను."

గౌరీశ్వరి మూడో మంచం వైపు వెళ్ళి సెలైను బుడ్డి సరిచేస్తోంది. అది సరిగ్గానే ఉంది.

పది దాటింది. గురునాథరావు బల్ల దగ్గర కూర్చుని కాగితాలు వరసగా పరిచాడు.

నవంబరు ఆరు. క్యాజువాలిటీలో దొరబాబు రాక పదీ ఇరవై, బి.పి. డెబ్భై. చలమయ్య రాక పదీ నలభై ఐదు. అంటే దొరబాబు ఇరవై ఐదు నిమిషాలు ముందు. పదిహేడో కవరు అతనిదే కావాలి. కాని పదిహేడు చలమయ్యకు పదకొండూ ఐదుకు తెరిచారు, పద్దెనిమిది దొరబాబుకు పదకొండూ పదికి.

"సిస్టర్, ముందొచ్చినవాడికి కవరు ఎందుకు తెరవలేదు?"

"ఇక్కడికి వచ్చేసరికి బి.పి. పుంజుకున్నాదండి. తొంభైకి పైనుంటే తెరవకూడదు."

"షీటులో ఉంది. పదీ ముప్పై ఐదుకి తొంభై ఆరు. పదకొండూ పదికి మళ్ళీ డెబ్భై రెండు. మధ్యలో ఏ మందు ఇచ్చారు, పెరగడానికి?"

ఆమె రేకు డబ్బా సొరుగులో పెట్టి తాళం వేసింది.

"ఏ మందూ రాసి లేదు. ఈ తొంభై ఆరు ఎవరి చేతిరాత?"

"నాదే."

"ఆ టైములో డ్యూటీ డాక్టరు?"

"ఐదో మంచం దగ్గర. గుండె ఆగిపోతే నొక్కుతన్నారు. ఇటు సూడలేదు."

పదీ ఇరవైకి, పదీ ముప్పై ఐదుకి మధ్య ఏదో జరిగింది. దొరబాబు మంచం మీద ఉన్నాడు. చలమయ్య ఇంకా ఆసుపత్రికి రాలేదు. రాని మనిషి కోసం ఒకరు కవరు ఆపి ఉంచారు. వస్తున్నాడని ఆమెకు ఎలా తెలిసింది?

బల్ల మీద నల్ల ఫోను ఉంది. దాని కింద అట్ట చిరిగిన నోటు పుస్తకం. యూనిట్‌కు వచ్చే ప్రతి ఫోనూ గుమాస్తా రాసి పెడతాడు. గురునాథరావు నవంబరు ఆరు పేజీ తీశాడు.

వరసగా ఐదు ఫోన్లు. రెండోదాని దగ్గర వేలు ఆగిపోయింది.

'10.30. గురునాథరావు గారు. సిస్టర్ గౌరీశ్వరి కోసం.'

ఆ రోజు పొద్దున్న మంగాయమ్మ తలుపు కొట్టిన చప్పుడు చెవిలో మోగింది. చలమయ్యను రేవువాళ్ళ జీపెక్కించి, తను ఆఫీసుకు పోయి ఫోను తిప్పాడు. తెలిసినవాళ్ళకు చేసే మామూలు సిఫార్సు అనుకున్నాడు. పెట్టేసి మర్చిపోయాడు. నాలుగు రోజులుగా ఈ హంతకుడి కోసం వెతుకుతున్నాడు.

తల ఎత్తేసరికి గౌరీశ్వరి ఎదురుగా నిలబడి ఉంది.

"నేనేమన్నానమ్మా ఆ రోజు?"

"వద్దండి."

"చెప్పు."

"మావాడు వస్తున్నాడు, తమ్ముడిలాంటోడు. మీ దగ్గర ఏదో కొత్త మందు ఉందట. ముందు మావాడికి పడేలా చూడమ్మా, అన్నారు. మీరు అడిగితే కాదనగలనేటండి? మా తమ్ముడు ఇవాళ పిల్లాపాపలతో ఉన్నాడంటే మీరే కదండి. ఆ మందు మంచిదనే నమ్మేను. నెల రోజుల్లో రెండుసార్లు ఆ ఎర్ర ముద్దర పడ్డోళ్ళు లేచి కూకున్నారు. కళ్ళారా సూసేను. వరసలో ముద్దరున్న కవరు ఉన్నాది. ఆ దొరబాబుతో ఎవరూ లేరు, లారీవోళ్ళు దింపీసి పోయేరు. ఒక అరగంట ఆపితే నష్టమేటనుకున్నాను."

"చలమయ్య ఎలా పోయాడో చెప్పు."

"ఐదో రోజు నెత్తురు కక్కేడండి. ఊపిరితిత్తుల్లో మళ్ళీ చీము. ఆయన మంచం దగ్గర మంగాయమ్మగారు కూకుని, సిస్టరుగారూ మీ చలవ, మంచి మందు ఇప్పించేరట అని నాకు దణ్ణం పెట్టేరు. ఆరోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నాలుగుసార్లు ఆయమ్మ గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయేను. నోట్లోంచి రాక, ఉత్తరం రాసేను. పోలీసులు జోగమ్మని పట్టుకెళ్తారనుకోలేదు."

"నిన్నంతా ఏం చేశావు మరి? జోగమ్మ లాకప్‌లో ఉంది."

"భయపడ్డానండి." ఆమె దాచుకోలేదు. "నాను సెప్పాలంటే మీ పేరు కూడా సెప్పాల. ఎలాగని తెల్లార్లూ ఆలోచించేను."

గురునాథరావు డాక్టరు వైపు తిరిగాడు. "ఆ మందే చంపిందా అతన్ని?"

"ఆ మందుకి కడుపులో రక్తం కారొచ్చు. రోగంతో పోరాడే శక్తి కూడా తగ్గొచ్చు. మందు లేకపోయినా ఆ స్థితిలో అలాగే పోవచ్చు. ఒక్క మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరండీ. నలభై మందిని పక్కపక్కన పెడితే తెలిసేది. కవర్లు సరిగ్గా తెరిచి ఉంటే." భీమశంకరరావు గౌరీశ్వరి వైపు చూశాడు. "ఇదొక్కటేనా సిస్టర్?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎన్ని?"

"ఐదు. బతుకుతారనిపించినోళ్ళకి, ఇంట్లో సిన్నపిల్లలున్నోళ్ళకి."

డాక్టరు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "ఎలాగూ బతికేవాళ్ళని ఏరి ఆ మందు వైపు వేశారన్న మాట. అందుకే నా పట్టికలో మందు అంత బాగా పనిచేస్తున్నట్టు కనపడింది. పోయిన నెల హైదరాబాదు సభలో చదివాను. మూడు ఊళ్ళ డాక్టర్లు ఈ మందు వెంటనే మొదలుపెడతామని ఉత్తరాలు రాశారు. మొదలుపెట్టే ఉంటారు." లేచి ఫోను అందుకున్నాడు. "ట్రంకు కాల్ బుక్ చెయ్యాలి. ముగ్గురికీ. ఆపమని."

ఆ మూడు ఊళ్ళలో ఇవాళ ఎవరెవరి చేతికి ఆ సూది ఎక్కుతోందో గురునాథరావుకు తెలీదు. వాళ్ళ పేర్లు కూడా తెలీవు.

పదకొండుంపావుకు శ్రీరామ్మూర్తి వచ్చాడు, చెప్పిన టైముకే. వెనక రైటరు, కాగితాల కట్ట. చక్కెర అంకెలు చూపిస్తే రెండుసార్లు చదివాడు, డాక్టరును మూడోసారి అడిగాడు. తర్వాత జోగమ్మ రిమాండు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పుకోవడం అతనికి అంతకన్నా చేతకాదు.

గౌరీశ్వరిని కూర్చోబెట్టి రైటరు వాంగ్మూలం మొదలుపెట్టాడు. దీపప్పెట్టె, తొంభై ఆరు, ఉత్తరం. ఒక్కటీ దాచకుండా చెప్పింది.

"ఎవరు సెప్పేరు నీకు, ఆ కవరు ఆపమని?" ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"ఎవరూ సెప్పలేదండి. నా అంతట నానే."

రైటరు కలం ఆ మాట రాయడానికి వంగింది. గురునాథరావు లేచి నోటు పుస్తకం తెచ్చి శ్రీరామ్మూర్తి ముందు తెరిచి పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు చదివాడు. రైటరును బయటికి పంపాడు.

"బావా, ఈ పుస్తకం నాను సూడలేదు," అన్నాడు తక్కువ గొంతుతో. "ఫోన్లో మంచి మాట సెప్పడం నేరమేటి? నువ్వు కూడా మర్సిపో. ఒక్కటి మాత్రం. ఇకమీదట నా కేసుల్లో కాలెట్టకు."

ఐదేళ్ళుగా శ్రీరామ్మూర్తి కోరుకుంటున్నది అదే. గురునాథరావుకు ఆ బేరం ఎంత సులువో కనపడింది. సంతకం లేదు, డాక్టరును అడిగేవాళ్ళు లేరు. ఆమె నోరు విప్పదు.

"రైటరుని పిలు."

"పిచ్చేటి నీకు? లైసెన్సు పోతాది. పేపర్లో ఏస్తారు."

"పదీ ముప్పైకి నేను ఫోను చేశాను. ఇంకొకడికి చేరాల్సింది మావాడికి ఇవ్వమన్నాను. అలాగే రాసుకో. ఆ నర్సు ఒక్కత్తే చేసిందని రాస్తే, ఈ కాగితం కూడా ఆ తొంభై ఆరులాంటిదే."

శ్రీరామ్మూర్తి తలుపు వైపు తిరిగి రైటరును పిలిచాడు.

"సంతకం పెట్టేముందు ఐదు నిమిషాలు ఇవ్వు. మంగాయమ్మకి నేనే చెప్పాలి," అన్నాడు గురునాథరావు.

ఫిర్యాదు కోసం పిలిపించిన మంగాయమ్మ వరండా బల్ల మీద చివరగా కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది.

"తెలిసిందాండీ అన్నయ్యగారూ?"

"కూర్చో అమ్మా."

ఆమె కూర్చోలేదు. అతను నిలబడే చెప్పాడు. కవర్ల సంగతి, దొరబాబు సంగతి, ఆపిన అరగంట సంగతి. ఫోను దగ్గరికి వచ్చేసరికి మాట తడబడింది. అయినా చెప్పాడు, టైముతో సహా.

"నేనా ఫోను చేయకపోతే చలమయ్యకి ఆ మందు పడేది కాదు. పడకపోతే బతికేవాడని ఎవరూ చెప్పలేరు. బతికేవాడు కాదని కూడా చెప్పలేరు. నన్ను నువ్వు ఏమన్నా అను."

మంగాయమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"ఆ దొరబాబుగారు బతికేరాండీ?"

"బతికాడు. నడిచి వెళ్ళాడు."

"పోనీలెండి." కొంగు వదిలేసింది. "ఆ ఫోను మీ అంతట మీరు చేసేరేటండి? ఆ పొద్దున్న మీ గుమ్మంలో మీ కాళ్ళు పట్టుకున్నాను. ఎవరికి ఏమైనా పరవాలేదు, ముందు మా ఆయనకి చూడమనండి అన్నాను. మీరు వద్దమ్మా అంటుంటే వదిలేను కాదు. మీకు గుర్తు లేదా, లేపోతే నాకు గుర్తు లేదనుకున్నారా?"

ఆ సంగతి గురునాథరావుకు గుర్తుంది. ఫోను సంగతి చెప్పేటప్పుడు ఆ ఒక్క ముక్కా మింగేశాడు.

మంగాయమ్మ తలుపు వైపు నడిచింది. గడప దగ్గర ఆగింది.

"ఆ పోలీసాయన కాయితంలో నా పేరు కూడా రాయించండి అన్నయ్యగారూ," అంది. "ఎవరికి ఏమైనా పరవాలేదు అన్న మాటతో సహా."